మూలంలో ఉన్నట్టే

ఆ కోడలు మొగుణ్ణి వదిలేస్తోందంటే వీధిలో ఎవరికీ నమ్మకం కుదరలేదు. ఆయన తాగడు, కొట్టడు, గొంతెత్తి మాట్లాడడు. కళ్లద్దాల షాపు పెట్టుకుని పొద్దస్తమానం ఫ్రేముల్లో తల దూర్చి కూర్చునే మనిషి. అందరూ ఆయన్ని "తర్వాతగారు" అనేవాళ్లు. అద్దం మార్చమంటే తర్వాత. స్క్రూ బిగించమంటే తర్వాత. షాపు బోర్డు మీద చివరి అక్షరం ఊడిపోయి ఆరేళ్లయింది. "కళ్లద్దాలు" కాస్తా "కళ్లద్దా" అయి, వచ్చేపోయేవాళ్లని ఏదో అడుగుతున్నట్టు ఉండేది. దాన్నీ తర్వాత పెట్టిస్తానన్నాడు.

ఇరవై రెండేళ్ల కాపురంలో కోడలు అడిగినవి ఎక్కువేం కావు. వంటింటి కిటికీకి దోమల జాలీ. పిల్లల విషయమై ఒకసారి ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లడం. సముద్రం చూడటం. అన్నిటికీ ఒకటే జవాబు. జాలీ మాత్రం ఆవిడే కొట్టించుకుంది. మిగతావి ఒక్కరివల్ల అయ్యే పనులు కావు. సముద్రానికి ఒక్కతే వెళ్లొచ్చు గానీ, వెళ్లి ఎవరితో బాగుందనాలి?

నలభై ఆరో ఏట ఒకరోజు పొద్దున్నే, ఆయన పళ్లు తోముకుంటుంటే చెప్పింది.

"నేను వెళ్లిపోతున్నానండీ."

ఆయన నోట్లో నురగతోనే, "తర్వాత మాట్లాడుకుందాంలే" అన్నాడు.

ఆవిడ తర్వాతదాకా ఆగలేదు.

లాయరు దగ్గర మొదటి రోజే చిక్కొచ్చింది. లాయరుగారు దగ్గు బిళ్ల చప్పరిస్తూ వివరమంతా విని, "చట్టంలో తర్వాత అనే నేరం లేదమ్మా" అన్నాడు. "కొట్టాడనో, ఇంకో మనిషి ఉందనో ఉంటే చెప్పండి, చూద్దాం."

"లేదండీ. ఆయనకి అంత తీరిక లేదు."

"పోనీ మాటలతో బాధ పెట్టాడా?"

"ఒక్క మాటతో."

"అదెన్నిసార్లన్నా ఒక్క మాట కిందికే వస్తుందమ్మా." ఆయన కాగితం పక్కకి నెట్టి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారొకటి ఉందన్నాడు. ఏడాదిపాటు విడిగా ఉండాలి. ఆ తర్వాత ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆపైన ఇంకో ఆరు నెలలు ఆగాలి, మనసు మారుతుందేమోనని. "ఆయన సంతకం పెడతాడా?"

"పెడతాడు. ఎప్పుడన్నదే."

ఇక ఆవిడ పని సంగతి. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ప్రెస్సు వెనక గదిలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని ముందు మేకులు పైకి తేలిన రెండు కుర్చీలు, వాటి మీద వేసుకున్న దిళ్లు, జిగురు వాసన. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు రచయిత రాసిన మూలప్రతిని పైకి చదవాలి. ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట నడవాలి. చదివేవాళ్లు మాటలు చదివితే చాలదు. కామా వస్తే కామా అనాలి, వాక్యం ముగిస్తే చుక్క అనాలి, ప్రశ్న గుర్తుంటే ప్రశ్న అనాలి. పేజీ అయిపోయాక తేడా ఏం లేకపోతే దిద్దే మనిషి "సరిపోయింది" అంటుంది. అప్పుడే పేజీ తిప్పాలి. మూలానికీ ప్రూఫుకీ తేడా వస్తే మూలమే ఖాయం. ఆ బల్ల దగ్గర ఉన్న చట్టం అదొక్కటే.

ఆ చదివే మనిషి అత్తగారు.

పంతొమ్మిదేళ్ల కిందట, అక్కడ చదివే అమ్మాయి పురిటికని వెళ్లి మళ్లీ రాలేదు. రెండు రోజులు సర్దుకుందామని కోడలు అత్తగారిని వెంటబెట్టుకెళ్లింది. అత్త చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాలూ క్యాలెండర్లూ చూసి సొంతంగా నేర్చుకుంది. గొంతు మాత్రం గంటలా ఉండేది. మొదటి రోజు పన్నెండు పేజీలు చదివి, "ఇంత అబద్ధాన్ని ఇన్ని కామాలు పెట్టి రాశాడేంటే" అంది. ఆ రెండు రోజులు ఇంకా పూర్తవలేదు.

ఆ అలవాటుకి ఒక బెడద ఉంది. కోపమొచ్చినా, భయమేసినా, అత్త మామూలు మాటల్లోకి కూడా చుక్కలూ కామాలూ వచ్చిపడేవి. గ్యాసు బండవాడు ఆలస్యం చేస్తే, "ఏమయ్యా కామా మేం పచ్చివే నమలాలా ప్రశ్న" అనేది. వాడు ప్రశ్న ఎవరా అని వెనక్కి తిరిగి చూసేవాడు.

కోడలు పెట్టె సర్దుకుని బయల్దేరిన రోజు అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"వెళ్తున్నావా ప్రశ్న."

"వెళ్తున్నా అత్తయ్యా."

"తిని వెళ్లు చుక్క."

తినే వెళ్లింది. ప్రెస్సు మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుంది. మర్నాడు పదింటికి, ఎప్పట్లాగే, అత్త వెనక గదిలోకొచ్చి, మూలప్రతి ముందుకి లాక్కుని, "నిన్న నూట పదిలో ఆపాం" అంది. అంతకుమించి ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పదింటికి రావడం, అయిదింటికి కొడుకింటికి వెళ్లడం. అలా ఏడాది గడిచింది. సంతకాలకి నాలుగు నెలలు పట్టింది. ఆపైన కోర్టు ఇచ్చిన ఆరు నెలలూ అయిపోవచ్చాయి. మొగుడూ పెళ్లాలు విడిగా ఉన్నట్టు చట్టానికి లెక్క కుదిరింది. అత్తాకోడళ్లు విడిగా ఉన్నారా లేదా అని చట్టం అడగలేదు.

అడిగింది ఆడపడుచు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో ఉంటుందావిడ. ఫోన్‌లోనే కాపురాలు నడిపించగల మనిషి.

"విడాకుల కాగితం వచ్చాక అమ్మ ఇంకా ఆవిడతో ప్రెస్సుకి వెళ్లడమేంటిరా? నలుగురూ నవ్విపోరూ? మా షాపులో నీకో కౌంటరిస్తామంటున్నారు మీ బావ. అమ్మని తీసుకుని వచ్చెయ్."

తర్వాతగారు "తర్వాత చూద్దాం అక్కా" అన్నాడు. ఆడపడుచు ఆ మాట ముందే ఊహించి టికెట్లు తీసేసింది. కోర్టు వాయిదా అయిన మూడో రోజుకి.

అప్పట్నుంచి కోడలికి నిద్ర పట్టడం మానేసింది. మొగుణ్ణి వదలడానికి ఆవిడకి అరగంట పట్టింది. అత్తని వదలడం ఎలాగో తెలియడం లేదు. "మీరు వెళ్లకండి, నా దగ్గరే ఉండండి." అంతే వాక్యం. వేల వాక్యాలు దిద్దిన మనిషి ఆ ఒక్కటి పలకలేకపోయింది. ఏ హక్కుతో అడగడం? లాయరుగారు చెప్పనే చెప్పాడు. విడాకులతో పోయేది మొగుడొక్కడే కాదమ్మా, అటువైపు చుట్టరికమంతా పోతుంది అని. కోడలు కానిది, కొడుకు ఉండగా, మీ అమ్మని నాకివ్వమని ఎలా అడుగుతుంది? అడిగితే ఆ పెద్దావిడ మొహమాటానికి తల ఊపి, కొడుకు మీద బెంగతో కుమిలిపోతే?

ఒకరోజు పేజీకీ పేజీకీ మధ్య గొంతు సవరించుకుంది.

"అక్కడ చలి ఎక్కువట అత్తయ్యా."

"స్వెట్టరు తీసుకెళ్తాను చుక్క."

ఆ చుక్క కోడలి చెవిన పడింది. కోపమా, భయమా తేల్చుకోలేకపోయింది. కోపం తన మీదేనేమో అనుకుని పేజీ తిప్పింది.

చివరి వాయిదాకి వారం ముందు లాయరుగారు ఒప్పందం చిత్తుప్రతి చేతికిచ్చాడు. ఆవిడ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది.

"అమ్మా, సంతకం పెట్టమని ఇచ్చాను."

"తప్పులుండగా పెట్టలేనండీ." మొదటి పేజీలోనే పదకొండు దొరికాయి. "ఇదిగో, మనం ఇద్దరం విడివిడిగా నివసిస్తున్నాం అని కొట్టారు. మేము అనాలి."

"ఏదైతేనేంటమ్మా, అర్థమవుతుందిగా."

"మనం అంటే వినేవాళ్లు కూడా కలుస్తారండీ. చదివేది జడ్జిగారు. ఆవిడ కూడా మాతోపాటు కాపురం వదులుకుని విడిగా ఉంటున్నట్టు అవుతుంది."

లాయరుగారు దగ్గు బిళ్ల మింగేశాడు. "దిద్దండి."

నాలుగో పేజీలో అత్త సంగతి ఉంది. అత్త మాటగానే, నేను ఇకమీదట నా కుమారుని వద్దే ఉండుటకు సమ్మతించడమైనది అని. ఆ వాక్యంలో అచ్చుతప్పు లేదు. ఎర్ర పెన్ను దాని మీద కాసేపు ఆగింది. ఒక ఒత్తయినా తప్పు పోయి ఉంటే బాగుండుననిపించింది. లేదు. ఆవిడ పేజీ తిప్పింది.

"పెద్దావిడ కూడా రావాలట" అన్నాడు లాయరుగారు. "ఈ జడ్జిగారికి పట్టింపు. ముసలివాళ్లని ఎక్కడ పెడుతున్నారో వాళ్ల నోటితోనే చెప్పించుకుంటుంది."

వాయిదా రోజున కోర్టు వరండాలో ఒకే బల్ల ఖాళీగా ఉంది. మధ్యలో అత్త, అటు కొడుకు, ఇటు కోడలు. ఫోటో తీయించుకోవడానికి వచ్చినట్టే కూర్చున్నారు. అత్త కళ్లద్దాలకి ఎడమ కాడ ఊడి రెండేళ్లయింది. దారంతో చెవికి చుట్టుకుంటుంది. కళ్లద్దాల షాపాయన తల్లి కదా, తర్వాత బాగవుతాయి.

లోపల జడ్జిగారు తలెత్తకుండా అడిగింది. "ఇష్టపూర్వకంగానే విడిపోతున్నారా?"

"అవునండీ" అంది కోడలు.

"మీరు?"

తర్వాతగారు నోరు తెరిచాడు. లాయరుగారు ఆయన కాలు తొక్కాడు. "అవునండీ" అన్నాడు.

"మనసు మారే అవకాశం ఏమైనా?"

"లేదండీ" అంది కోడలు. ఆ మాట అనడానికి ఆవిడకి కష్టమేం అనిపించలేదు. కష్టమంతా పక్క కుర్చీలో ఉంది.

జడ్జిగారు ఇప్పుడు తలెత్తి అత్తని చూసింది. "అమ్మా, మీ గురించి రాసింది మీరు చదువుకున్నారా? చదవడం వచ్చా?"

అత్త నిటారుగా కూర్చుంది. "పంతొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో అచ్చయిన ప్రతి పుస్తకం నేను చదివానమ్మా. గట్టిగా."

జడ్జిగారికి నవ్వొచ్చిందో లేదో తెలియలేదు. "అయితే ఇదీ గట్టిగానే చదవండి. అందరం వింటాం."

గుమాస్తా ఒక ప్రతి అత్తకిచ్చాడు. ఇంకోటి కోడలి ముందు పెట్టాడు. అత్త కాగితం ఎత్తింది. దారం తెగి కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ జారాయి. ఒక చేత్తో అద్దాలూ ఒక చేత్తో కాగితం పట్టుకోబోతే కాగితం మడతపడి అక్షరాలు కనబడలేదు.

"వేరే రోజు చదివిద్దామా?" అంది జడ్జిగారు.

అప్పుడు తర్వాతగారు లేచాడు. చొక్కా జేబులోంచి పెన్నంత స్క్రూడ్రైవరు తీశాడు, పర్సులోంచి కాగితం పొట్లం తీశాడు. పొట్లంలో ఆవగింజంత స్క్రూలు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, కాడ నిలబెట్టి, స్క్రూ వేసి, నాలుగు తిప్పులు తిప్పాడు. కోర్టంతా చూస్తోంది. అద్దాలు చొక్కా అంచుతో తుడిచి తల్లి ముక్కు మీద పెట్టాడు. మొత్తం అర నిమిషం పట్టింది. కోడలు చూసింది. అర నిమిషం పని. ఆవిడకి ఏడుపో నవ్వో ఏదో ఒకటి రావాలి. ఏదీ రాలేదు. కాగితం మీద వేలు పెట్టింది.

అది ఎవరో పెట్టమంటే పెట్టింది కాదు. అత్త గొంతు లేస్తే ఆ వేలు దానంతటదే మొదటి అక్షరం మీదికి వెళ్తుంది.

"మొదటి పిటిషనరు కామా నా కుమారుడు కామా నన్ను ఇన్నాళ్లూ పోషించినాడు చుక్క" అని మొదలుపెట్టింది అత్త.

గుమాస్తా టైపు ఆపి చూశాడు. జడ్జిగారు చెయ్యెత్తి, చదవనివ్వమంది.

"నా ఆరోగ్యము బాగున్నది చుక్క. నాకు ఎవరి ఒత్తిడియు లేదు చుక్క. నేను ఇకమీదట నా..."

గొంతు ఆగింది. కోడలి వేలు "కుమారుని" మీద ఆగింది. పంతొమ్మిదేళ్లలో అత్త ఒక మాట మధ్యలో ఆగడం ఆవిడ ఎరగదు.

"నా కోడలి వద్దే ఉండుటకు సమ్మతించడమైనది చుక్క" అంది అత్త. అని కాగితం దించింది. పేజీ తిప్పలేదు. కోడలి వైపు చూసింది. రోజుకి నలభైసార్లు చూసే చూపే. సరిపోయిందా, లేదా? తిప్పనా, వద్దా?

కోడలి వేలు ఇంకా "కుమారుని" మీదే ఉంది. విన్నది ఒకటి, రాసున్నది ఒకటి. ఇన్నేళ్లలో తెలిసి తెలిసి ఒక్క తేడా కూడా వదల్లేదావిడ. ఒకసారి బడిపిల్లల పుస్తకంలో కామా జారిపోతే రెండు వారాలు ముద్ద మింగుడుపడలేదు. ఆ వేలు మెల్లిగా పైకి లేచింది.

"సరిపోయింది" అంది.

జడ్జిగారు తన ప్రతి చూసుకుంది. "నా దాంట్లో కుమారుని వద్ద అనుంది."

లాయరుగారు గబగబా లేచాడు. "పెద్దావిడ కదండీ, కళ్లు సరిగా..."

"కళ్లద్దాలు ఇప్పుడే బిగించారుగా, నేనూ చూశాను. మీరు కూర్చోండి." జడ్జిగారు కోడలి వైపు తిరిగింది. "మీ ముందున్న ప్రతిలో ఏముంది?"

"కుమారుని వద్ద అనే ఉందండీ."

"మరి సరిపోయిందంటారేంటి?"

"నేను ప్రూఫులు దిద్దుతానండీ. మూలానికీ ప్రూఫుకీ తేడా వస్తే మూలాన్నిబట్టి ప్రూఫు దిద్దాలి." కోడలు తన ప్రతినీ, అత్త చేతిలోదాన్నీ, జడ్జిగారి ముందున్నదాన్నీ వేలితో చూపించింది. "ఇవి మూడూ ప్రూఫులేనండీ. మూలం ఈ కుర్చీలో ఉంది."

జడ్జిగారు తన ప్రతి బల్ల మీద పెట్టింది.

"ఈ మాట ఇంటి దగ్గర అనుకుని ఉండొచ్చుగా?" అంది జడ్జిగారు.

అత్త అందుకుంది. "ఎలా అంటానమ్మా ప్రశ్న. మొగుడే వద్దనుకుని వెళ్లిపోయిన పిల్ల కామా ముసలిదాన్ని నన్ను తగిలించుకోమని ఎలా అడగను ప్రశ్న. చలి ఎక్కువని తనే పంపించేస్తుంటే చుక్క."

"పంపించేయడమేంటి అత్తయ్యా!" అంది కోడలు, కోర్టన్న సంగతి మరిచిపోయి. "ఉండిపోతారేమోనని అన్నాను."

"ఉండమని అన్నావా?"

"చలి అన్నాను కదా!"

"చలంటే ఉండమని అర్థమా? ఏ పుస్తకంలో ఉందే?"

జడ్జిగారు బల్ల మీద పెన్నుతో కొట్టింది. ఇద్దరూ ఊరుకున్నారు. "మీరు చెప్పండి" అంది తర్వాతగారితో. "మీ అమ్మగారు చదివింది విన్నారు. మీకు సమ్మతమేనా?"

"తర్వా..." అన్నాడాయన. జడ్జిగారు చూస్తోంది. తల్లి చూస్తోంది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా అలాగే ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "అమ్మ చదివిందే కరెక్టండీ" అన్నాడు. "ఇప్పుడే రాసేయండి."

గుమాస్తాకి సందేహం వచ్చింది. "మేడమ్, విడాకులయ్యాక వీళ్లిద్దరికీ చుట్టరికం ఉండదు కదా. కోడలు అని రాయకూడదు. బంధుత్వం దగ్గర ఏం కొట్టను?"

ఇది నిజంగానే చిక్కే. లాయరుగారు ఆలోచించాడు. జడ్జిగారు ఆలోచించింది.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా" అంది అత్త. "నేను చదువుతాను. అది దిద్దుతుంది. అదే రాయండి."

అదే రాశారు. కోడలు నాలుగో పేజీలో "కుమారుని" కొట్టేసి, పక్కన మార్జిన్‌లో రాయబోతే, జడ్జిగారు ఎర్ర పెన్ను పనికిరాదంది. నీలం పెన్ను ఆవిడే ఇచ్చింది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. తర్వాతగారే ముందు పెట్టాడు. ఇరవై రెండేళ్లూ ఆ సంతకాలతో ముగిసిపోయాయి. గుమాస్తా తర్వాతి కేసు పిలిచాడు.

మెట్లు దిగుతుంటే తర్వాతగారి ఫోన్ మోగింది. అక్క. ఆయన తెర వైపు చూసి, "తర్వాత చెప్తాలే" అని తనకు తానే అనుకుని జేబులో పడేసుకున్నాడు. ఆ మాటకి ఒక ఉపయోగం కూడా ఉందని కోడలికి మొదటిసారి తెలిసింది.

"మీరు ఎల్లుండి బయల్దేరతారా?" అని అడిగింది.

"టికెట్టుందిగా. ఒకటి వెనక్కిచ్చేయాలి." ఆయన మెట్ల మీద చెప్పు సరిచేసుకున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు. "అమ్మ కుడి కంటికి నంబరు మారింది. కొత్త అద్దం రేపు వేసి ఇస్తా."

"రేపా?" అంది అత్త.

"రేపే."

ఆ మాట నిజమో కాదో రేపు తేలుతుంది. అత్త గేటు దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, రోడ్డు అటూ ఇటూ చూసింది. బస్టాపు అవతలి వైపు ఉంది.

"పదండి, మనం వెళ్దాం" అంది. మామూలుగా అంది. చుక్క లేదు.

కోడలు ఆ మాట విని ఆగింది. మనం అంటే వినేవాళ్లు కూడా కలుస్తారు. విన్నవాళ్లు ఇద్దరున్నారు. తర్వాతగారి ఇల్లు ఇవతలి వైపే ఉంది. ఆయన దాటక్కర్లేదు. ఆ సంగతి ఎవరికైనా గుర్తొచ్చే లోపలే ఆయన తల్లి చేతిలోంచి సంచి అందుకుని రోడ్డు మీద అడుగు పెట్టేశాడు.

అక్కడ ఒక మాట తప్పు పడిందని కోడలికి తెలుసు. దిద్దలేదు. అత్త చెయ్యి పట్టుకుని ఆయన వెనకాలే రోడ్డు దాటింది.